బుల్లెట్ 350 పిస్టన్ సందు: మూడు థౌ నుంచి నాలుగు థౌకి

జనవరి, రెండో ఆదివారం

విజయవాడ నుంచి ఏలూరు వెళ్తూ హనుమాన్ జంక్షన్ దాటాక బండి పట్టేసింది, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయింది. పాత కాస్ట్ ఐరన్ సిలిండర్ బుల్లెట్. 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు ఫోర్జ్‌డ్ పిస్టన్ వేసి రెండు వారాలైనా కాలేదు. క్లచ్ నొక్కి పక్కకి లాగేశాను కాబట్టి సరిపోయింది. పావుగంట చల్లారాక కిక్ దిగింది, ఇంటిదాకా నలభై మీదే నడిపాను.

విప్పి చూస్తే స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) మీద నాలుగు చోట్ల గీతలు. గజన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను) రంధ్రానికి అటూ ఇటూ, ముందొక జత, వెనకొక జత. ఆయిల్ అందక పట్టేస్తే గీతలు ఇంత లెక్కగా ఉండవు. ఇది బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) కంటే పిస్టన్ ఎక్కువ ఉబ్బిందనడానికి గుర్తు. పిన్ దగ్గర లోహం మందం కాబట్టి ముందు అక్కడే తగులుతుంది.

తప్పు సగం నాదే. పిస్టన్‌తో వచ్చిన కాగితం ఇంట్లోనే ఉండిపోయింది. పిస్టన్‌కీ బోరుకీ మధ్య వదలాల్సిన సందు గురించి బోరింగు షాపులో పెద్దాయన "బుల్లెట్‌కి మూడు థౌ బాబూ, ముప్పై ఏళ్ళుగా ఇంతే చేస్తున్నా" అంటే తలూపి వచ్చేశాను. ఆ కాగితంలో 4.5 నుంచి 5 థౌ అని ఉంది.

జనవరి, మూడో ఆదివారం

లెక్క వేసుకుంటే గానీ నిద్ర పట్టలేదు. నాకు పట్టేసిన పిస్టన్ 2618 రకం అల్యూమినియం అల్లాయ్. ఇందులో సిలికాన్ దాదాపు ఉండదు, రాగి, మెగ్నీషియం ఉంటాయి. కాంకార్డ్ విమానం ఒళ్ళు కూడా ఈ జాతి లోహమే. నాకింకో పక్క దొరుకుతున్నది 4032, అందులో సిలికాన్ సుమారు 12 శాతం. సిలికాన్ వేడికి పెద్దగా సాగదు, గట్టిది కూడా. అందుకే 4032 తక్కువ ఉబ్బుతుంది, రింగు గాడులు నిదానంగా అరుగుతాయి. 2618 బలం వేరే చోట ఉంది. నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) దెబ్బ తగిలితే అది సొట్టపడుతుందే తప్ప పగలడం అరుదు. ఇంజన్ పవర్ బాగా పెంచుకునే టర్బో, నైట్రస్ వాళ్ళు దాన్నే పట్టుకోవడం అందుకే.

71 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే 4032 అయితే 0.138 మి.మీ., 2618 అయితే 0.158 మి.మీ. పెరుగుతుంది. అంతే వేడికి కాస్ట్ ఐరన్ బోరు పెరిగేది 0.078. అంటే సందు మొదటిదానితో 0.06, రెండోదానితో 0.08 తగ్గిపోతుంది. మూడు థౌ అంటే 0.076. ఆయిల్ పొరకి చోటే లేదు! స్కర్ట్, బోరు సరిగ్గా ఒకే వేడిలో ఉండవు కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా నా పిస్టన్ ఎందుకు పట్టేసిందో చెప్పడానికి చాలు. అల్యూమినియం సిలిండర్‌కి నికాసిల్ (నికెల్‌లో గట్టి రేణువులు కలిపిన) పూత ఉన్న బళ్ళలో బోరు కూడా పిస్టన్‌తో పాటే సాగుతుంది, వాళ్ళకి ఇంతకంటే బిగువు నడుస్తుంది. ఆ బళ్ళ కొలతలు చూసి మన కాస్ట్ ఐరన్‌కి పెట్టుకోకూడదు.

నాది రోజూ ఆఫీసుకి వెళ్ళే బండి, కంప్రెషన్ కూడా కొంచెమే పెంచాను. 4032 తీసుకున్నాను. పాత బోరు గీతలు పడింది కాబట్టి 40 థౌ ఓవర్‌సైజు. 346 సీసీ 356 అవుతుంది. పది సీసీకి ఎగిరి గంతేసేదేమీ లేదు.

ఫిబ్రవరి

ఈసారి పిస్టన్ నేనే కొలిచాను. స్కర్ట్ గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి తయారీదారు చెప్పిన ఎత్తులో, పిన్‌కి అడ్డంగా కొలిస్తేనే లెక్క. నల్లటి పూత ఉంటే దాన్ని కలిపి కొలవాలా వద్దా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. మైక్రోమీటర్, బోర్ గేజి, పిస్టన్, సిలిండర్ అన్నీ రాత్రంతా ఒకే గదిలో పెట్టి తెల్లవారి ఆరింటికి కొలిచాను. ఇదేదో చాదస్తం అనుకోకండి. ఎండలో 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన పిస్టన్ ఒక థౌ పెద్దగా చూపిస్తుంది.

కొత్త పిస్టన్ కాగితంలో సందు 3.5 నుంచి 4 థౌ అని ఉంది. మన ఎండలు తలుచుకుని నాలుగు చెప్పాను. షాపు మార్చాను. పిస్టన్, కాగితం రెండూ చేతికిచ్చి, టార్క్ ప్లేటు (సిలిండర్ మీద హెడ్ బిగించినంత ఒత్తిడి పెట్టే మందపాటి పలక) బిగించి హోనింగ్ (బోరుని రాయితో సానబట్టడం) చేయమన్నాను. ప్లేటు లేకుండా గుండ్రంగా ఉన్న బోరు ప్లేటు బిగించగానే 0.02 వంకర చూపించింది. ఆ ప్లేటుకి అదనంగా ఇచ్చిన డబ్బు దండగ కాలేదు.

రింగు గ్యాప్ (పిస్టన్ రింగు రెండు కొసల మధ్య సందు) బోరు అంగుళానికి 4.5 థౌ చొప్పున 0.32 మి.మీ. వచ్చేదాకా ఆకురాయితో రాశాను. ఒక వైపు నుంచే, లోపలికే రాయాలి. మొదటి రింగుకి తొందరపడి 0.36 చేసి పాడుచేశాను. ఇంకో సెట్టు కొనాల్సి వచ్చింది.

మార్చి

వేడెక్కించడం, పూర్తిగా చల్లార్చడం మూడుసార్లు చేశాక రోడ్డెక్కించాను. 500 కిలోమీటర్లకి సిలిండర్ పైకి లేపి చూశాను. స్కర్ట్ మీద నడుమ సమానంగా మెరుపు, మూలల్లో ఏమీ లేదు.

పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేస్తే సందులో పిస్టన్ ఊగి రెండు నిమిషాలు టకటక అంటుంది, వేడెక్కి ఉబ్బాక పోతుంది. ఎదురింటి బాబాయిగారు అది వాల్వుల చప్పుడనుకుని రోజూ గేటు దగ్గర నిలబడి టాపెట్లు సెట్ చేయించుకోమని చెబుతున్నారు. వచ్చే ఆదివారం కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడాలి.