మన లెక్కలో ధ ప మ రి గ

ఆదివారం ప్రాక్టీసులో మళ్ళీ తప్పిపోయా. ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఊరి చర్చి హాల్లో పదిమందిమి చేరి పాత యూరప్ పాటలు పాడుతుంటాం, అదీ ఇప్పటి నొటేషన్‌లోకి మార్చిన పుస్తకాలు చూసి కాదు, 1502లో వెనిస్‌లో పెత్రుచ్చి అనే ముద్రాపకుడు అచ్చేసిన, అప్పటి స్వరకర్త జోస్కాన్ దెప్రే మాస్‌ల (చర్చి ఆరాధన పాటల) జిరాక్సులు చూసి. ఏ గొంతు పుస్తకం ఆ గొంతుదే. నా చేతిలో టెనార్ అనే గొంతు పుస్తకం ఒక్కటే ఉంటుంది, మిగతా మూడు గొంతులు ఏం పాడుతున్నాయో కాగితంలో ఉండదు, చెవులు రిక్కించుకుని వినాల్సిందే. పాటను లెక్క ప్రకారం ముక్కలుగా విడదీసే బార్ గీతలు కూడా లేవు కాబట్టి ఎవరైనా తప్పితే ఫలానా బార్ నుంచి అనడానికి కుదరదు, మళ్ళీ మొదటికే.

లైను చివర చిన్న కొక్కెం లాంటి గుర్తుంటుంది, తర్వాతి లైన్లో మొదటి స్వరం ఎక్కడో ముందే చూపిస్తుంది. ఇంత మంచి సదుపాయం ఎందుకు తీసేశారో మరి.

నన్ను ముంచేది మాత్రం బ్రీవ్ అనే స్వరం గుర్తు. చూస్తే చిన్న చతురస్రం, అంతే. మూడు లెక్క నడిచే చోట దాని పక్కన ఇంకో బ్రీవ్ ఉంటే అది మూడు సెమిబ్రీవ్‌ల (బ్రీవ్ కంటే చిన్న స్వరం) పొడుగు, అదే పక్కన ఒంటరి సెమిబ్రీవ్ వచ్చి కూర్చుందా, రెండుకి పడిపోద్ది, గుర్తులో మార్పేం ఉండదు. మొదట్లో తల పట్టుకున్నా గానీ తర్వాత తట్టింది, ఇది మా తెలుగు మాస్టారు చెప్పిన ఛందస్సు లాంటిదేగా, సంయుక్తాక్షరం ముందున్న లఘువు గురువైపోయినట్టు. అక్కడ పెరుగుద్ది, ఇక్కడ తగ్గుద్ది. అర్థమైపోయిందనుకుని మొన్న రెండు పాడాల్సిన దాన్ని మూడు లాగేశా, ఇక అక్కణ్ణుంచి చివరిదాకా అందరికంటే ఒక సెమిబ్రీవ్ వెనక, పైగా గట్టిగా.

చిన్నప్పటి ఆదితాళం వల్ల నా చెయ్యి సమం (తాళం మొదలయ్యే దెబ్బ) కోసం వెతుక్కుంటుంది. ఇక్కడ సమం లేదు, టాక్టస్ అని చెయ్యి కిందికీ పైకీ, అంతే.

ఇప్పుడు పట్టుకున్నది 'లా సోల్ ఫా రే మి' మాస్. ఆ ఐదు స్వరాలే టెనార్‌లో తిరిగి తిరిగి వస్తాయి, ఒకచోట సాగదీసి, ఒకచోట గబగబా. శంకరాభరణంలో పెడితే ధ ప మ రి గ. పెన్సిల్‌తో అలాగే తెలుగులో రాసుకుంటే పక్కనావిడ తొంగిచూసి ఇదేం నొటేషన్ అంది. పాడి వినిపించా. ఆవిడ లా సోల్ అంటూ అందుకుంది, నేను ధ ప అన్నా, 'మి' దగ్గరా 'గ' దగ్గరా ఇద్దరం ఒకేసారి ఆగాం.