రిఫరెన్స్ వీడియోని కట్ కట్‌గా విప్పడం

గండికోటలో తీసిన పాటలు యూట్యూబ్‌లో వరసబెట్టి ఒక పది చూడండి. పెన్న లోయ మీద డ్రోన్ పైకి లేస్తుంది. హీరో బండ అంచున చేతులు చాపి నిలబడతాడు. ఓణీ గాలికి ఎగురుతుంది. లొకేషన్ గొప్పదే, కానీ పదో పాటకొచ్చేసరికి ఏ షాట్ ఏ పాటదో గుర్తుండదు. ముందు వచ్చిన వీడియోలోంచి అందరూ షాట్‌ని తెచ్చుకున్నారు, ఆ షాట్ పాటలో ఆ చోటే ఎందుకు పడిందో ఎవరూ చూడలేదు. డ్రోన్ లేచేది సాగదీసిన ఆలాపన మీదైతే ఒళ్లు జలదరిస్తుంది. అదే షాట్‌ని డప్పు దంచే బిట్ మీద వేస్తే పాట అక్కడే నీరసపడుతుంది. రిఫరెన్స్‌ని, అంటే మన పాటకు నమూనాగా పెట్టుకునే వేరే పాట వీడియోని, ఎలా చదవాలో చెప్పడానికే ఈ పోస్టు, కర్నూలు, కడప, అనంతపురం వైపు సొంతంగా పాటలు తీస్తున్న కుర్రాళ్ల కోసం.

రిఫరెన్స్ వెతికే ముందు మీ పాట వేగం తెలియాలి. ఏ బీపీఎం యాప్‌లోనైనా దరువుకు తగ్గట్టు వేలితో తడితే నిమిషానికి ఎన్ని దెబ్బలో చెబుతుంది. 100 అని వస్తే ఒక్కో దెబ్బ 0.6 సెకను, నాలుగు దెబ్బల ఆవర్తం 2.4 సెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో ఒక దెబ్బకు సరిగ్గా 15 ఫ్రేములు. జానపదాల్లో చాలావాటికి తిశ్ర నడక ఉంటుంది, అంటే తకిట తకిట. అలాంటి పాటను నాలుగుతో లెక్కపెడితే కట్లన్నీ, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారే చోట్లన్నీ, కుంటుతాయి, మూడూ ఆరులతోనే లెక్కపెట్టాలి. రిఫరెన్స్‌గా కూడా అదే నడకలో ఉన్న పాటనే ఎంచుకోండి. లొకేషన్ మన ఊరిలాగే ఉందని ఎంచుకున్న రిఫరెన్స్ కన్నా నడక కలిసిన రిఫరెన్స్ పదింతలు పనికొస్తుంది.

మొదటిసారి మ్యూట్‌లో చూడండి. పాట వినిపించనప్పుడు కన్ను ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ విసుగొస్తోంది అన్నది వెంటనే తెలుస్తుంది. రెండోసారి బొమ్మ చూడకుండా వింటూ పల్లవి, మ్యూజిక్ బిట్, చరణం ఎక్కడెక్కడ మొదలవుతున్నాయో సమయాలు రాసుకోండి. మూడోసారే అసలు పని. కంప్యూటర్‌లో వీడియోని ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, కామా నొక్కితే ఒక ఫ్రేము వెనక్కి పోతుంది. రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నర్డ్స్’ తెరిస్తే ఆ వీడియో 24 ఫ్రేములదో, 25దో, 30దో కనిపిస్తుంది. ఒక షీట్‌లో ఆరు గళ్లు చాలు: సమయం, షాట్ సైజు, కెమెరా కదలిక, వెలుగు దిక్కు, లిప్ సింక్ (పెదాలు పాటకు కలపడం) ఉందా లేదా, కట్ దెబ్బ మీద పడిందా మాట మీద పడిందా. నాలుగు నిమిషాల పాటలో వంద కట్లు మామూలే కాబట్టి మొత్తం రాయాలని కూర్చుంటే సగంలో వదిలేస్తారు. మొదటి పల్లవి, మొదటి మ్యూజిక్ బిట్, మొదటి చరణం పూర్తిగా రాయండి. మిగతాదాంట్లో కట్లు లెక్కపెడితే సరిపోతుంది.

ఈ షీట్‌లో అన్నిటికన్నా విలువైనది కట్ల గడి. ఉదాహరణకు 100 వేగం ఉన్న రిఫరెన్స్‌లో పల్లవికి ఒక్కో షాట్ 4.8 సెకన్లు, మ్యూజిక్ బిట్‌లో 1.2 సెకన్లు వచ్చాయనుకుందాం. అంటే పల్లవికి రెండు ఆవర్తాలు, బిట్‌కు అర ఆవర్తం. మీ పాట వేగం 125 అయితే ఆవర్తం 1.92 సెకన్లే. 4.8 సెకన్లనే పట్టుకొచ్చి వేస్తే కట్ దరువుకు అడ్డంగా పడుతుంది. రెండు ఆవర్తాలు అన్న లెక్క తెచ్చుకుంటే 3.84 సెకన్లకు పడుతుంది, పాటలో కలిసిపోతుంది. ఫ్రేము ఫ్రేముగా చూస్తుంటే ఇంకోటి కూడా దొరుకుతుంది: చేయి తిరిగిన ఎడిటర్లు చాలాచోట్ల దెబ్బకు ఒకటి రెండు ఫ్రేముల ముందే కోస్తారు. కొత్త బొమ్మను కన్ను అందుకునే లోపు దెబ్బ వినబడుతుంది, అందుకే ఆ కట్ బిగువుగా అనిపిస్తుంది. ప్రతి దెబ్బకూ కోసే వీడియోని మాత్రం రిఫరెన్స్‌గా పెట్టుకోకండి. ముప్ఫై సెకన్లకే కన్ను అలసిపోతుంది.

తర్వాత చూడాల్సింది స్లో మోషన్. పెదాలు మాటకు సరిగ్గా కలుస్తూ, జుట్టూ బట్టా మాత్రం తేలుతున్నట్టు కదులుతుంటే ఆ షాట్‌కు పాటను వేగంగా పెట్టి పాడించారని అర్థం. 50 ఫ్రేముల్లో తీసి 25లో చూపించాలంటే సెట్లో పాటను రెండింతల వేగంతో పెట్టాలి. రాగం తీసే చోట ఇది బాగుంటుంది. మాటలు కిక్కిరిసిన చరణంలో ఆ వేగానికి నోరు తిరగదు, పెదాలు సగం సగం కదిలి దొరికిపోతారు. అలాంటి చోట 30లో తీసి 25లో చూపించండి, పాట 1.2 రెట్లు వేగంగా పెడితే చాలు. ఆ కొంచెం నెమ్మదికే నడకలో ఒక ఠీవి వస్తుంది. మామూలు వేగం, 1.2, 2 రెట్లు అని మూడు ఫైళ్లు ముందే చేసి, ప్రతి ఫైలు మొదట్లో నాలుగు బీప్‌లు పెట్టుకోండి. బీప్‌లు లేకపోతే నటుడు మొదటి మాటను ప్రతి టేకులోనూ ఆలస్యంగా అందుకుంటాడు.

సెట్లో పాట పెట్టడాన్ని సినిమావాళ్లు ఇప్పటికీ ‘నాగ్రా’ అనే అంటారు. స్పీకర్ నటుడి దగ్గర ఉండాలి. లోయకు ఈవల కెమెరా, 34 మీటర్ల అవతల నటుడూ స్పీకరూ ఉంటే ఆ శబ్దం కెమెరా మైకును చేరడానికి పదో వంతు సెకను పడుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. ఎడిటింగ్‌లో ఆ శబ్దం తరంగాన్ని చూసి పాటను కలిపితే పెదాలు తప్పుతాయి. దూరపు షాట్లకు ప, బ, మ అక్షరాల దగ్గర పెదాలు మూసుకునే ఫ్రేము చూసి కలపండి. ఫోన్‌తో తీసేవాళ్లకు ఇంకో చిక్కుంది. వెలుగు మారినప్పుడల్లా ఫోన్ ఫ్రేముల వేగాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటుంది, పొడవైన టేకులో మొదట కలిసిన పెదాలు చివరికి జారిపోతాయి. ఫ్రేమ్ రేట్ లాక్ చేసే కెమెరా యాప్ వాడండి, లేదా ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్‌కు మార్చుకోండి. కరెంటు దీపాల కింద, బెలూం గుహల్లాంటి చోట, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి 1/60 పెడితే చాలా దీపాల కింద గోడల మీద చారలు పాకుతాయి.

వెలుగు సంగతి రిఫరెన్స్‌లో చదవడం తేలికే. ముక్కు నీడ ఎటు పడిందో చూస్తే సూర్యుడి దిక్కు తెలుస్తుంది. కనుపాపలో మెరుపు నలుచదరంగా ఉంటే రిఫ్లెక్టరో సాఫ్ట్‌బాక్సో పెట్టారన్నమాట. చాలామంది వదిలేసేది నేల. మన దగ్గర నేల కూడా ఒక లైటే. అనంతపురం వైపు ఎర్రనేల మీద మిట్టమధ్యాహ్నం తీస్తే గడ్డం కింద ఎర్రటి వెలుగు తన్నుతుంది, మొహం జ్వరం వచ్చినట్టు కనిపిస్తుంది. కలర్ గ్రేడింగ్‌లో ఆ ఎరుపు లాగితే పెదాలూ పాలిపోతాయి. ఫ్రేములో పడని మేర నటుడి ముందు తెల్ల పంచె పరిస్తే సరిపోతుంది. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది వెలుగును మింగేస్తుంది, కళ్ల గుంతలు చీకటి పడతాయి, అక్కడ థర్మాకోల్ షీటు తప్పనిసరి. కొలిమిగుండ్ల, బేతంచర్ల నాపరాయి పరిచిన చోట కింద నుంచి వెలుగు ఎక్కువై నటుడు కళ్లు చికిలిస్తాడు. పచ్చిక మీద తీసిన కేరళ పాటను రిఫరెన్స్‌గా పెట్టుకుని ఎర్రనేల మీద తీస్తే అదే కెమెరా, అదే టైమ్ అయినా ఆ రంగు ఎందుకు రాదో ఇక్కడే తెలుస్తుంది.

లెక్క తెచ్చుకోవడమంటే ఏమిటో చూపడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కెమికల్ బ్రదర్స్ అనే ఇంగ్లండ్ సంగీత జంట పాట ‘స్టార్ గిటార్’ వీడియో. 2002లో మిషెల్ గోండ్రీ తీశాడు. చూడ్డానికి రైలు కిటికీలోంచి కనిపించే దృశ్యమే, కానీ బయట కనిపించే ప్రతి స్తంభం, ప్రతి కట్టడం పాటలోని ఏదో ఒక శబ్దానికి ముడిపడి ఉంటుంది. గోండ్రీ దాన్ని ఫ్రాన్స్‌లో తీశాడు, మనమూ అక్కడే తీయాలా? కడప నుంచి గుత్తి దాకా ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం, తాడిపత్రి మీదుగా పోయే లైను ఉంది. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. కరెంటు స్తంభాల మధ్య దూరం 60 మీటర్లయితే స్తంభానికీ స్తంభానికీ 2.4 సెకన్లు, అంటే 100 వేగం పాటలో సరిగ్గా ఒక ఆవర్తం. రైలు వేగం మారినప్పుడు, వంపుల దగ్గర స్తంభాలు దగ్గరైనప్పుడు క్లిప్ వేగాన్ని కొంచెం సర్దుకోవాలి. ఫోన్‌లో స్తంభాలు ఒరిగినట్టు వస్తాయి, అది రోలింగ్ షట్టర్ వల్ల, అంటే ఫోన్ బొమ్మను ఒక్కసారిగా కాక వరసలు వరసలుగా పట్టుకోవడం వల్ల. షట్టర్ వేగం పెంచితే మసక తగ్గుతుంది గానీ ఒరుగు పోదు, ఎడిటింగ్‌లో సరిచేయాలి. కిటికీ దగ్గర కూర్చునే తీయండి, తలుపు దగ్గర నిలబడొద్దు.

చట్టం గురించి రెండు మాటలు. ఆలోచన మీద కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. కానీ షాట్ల వరస, సెట్, దుస్తులు అన్నీ కలిపి అచ్చంగా దింపేస్తే ఆ మాట కాపాడదు. పాట తాతల నాటిదైనా ఒకరు రికార్డు చేసిన ట్రాక్ వాళ్లదే.

గండికోట, లేపాక్షి లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో షూటింగ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. ఓర్వకల్లు రాతివనంలో డ్రోన్ అనుకునేవాళ్లు, డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. కర్నూలు విమానాశ్రయం అక్కడే ఉంది, అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

షూటింగ్‌కు వారం ముందు ఒక పని చేయండి. మీ షీట్ ప్రకారం ప్రతి షాట్‌కూ ఫోన్‌లో ఒక ఫోటో తీసి, పాట మీద ఆవర్తాల లెక్కన పేర్చండి. హీరో ఉండాల్సిన చోట తమ్ముడో స్నేహితుడో నిలబడినా ఫర్వాలేదు. రిఫరెన్స్ చూడని ఒకరికి దాన్ని చూపించి, వాళ్ల చూపు తెర మీద నుంచి పక్కకు పోయిన సమయాలు రాసుకోండి. రెండో చరణం మధ్యలో తప్పకుండా ఒక చోటు దొరుకుతుంది. అక్కడికి కొత్త షాట్ ఆలోచించడం ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని. ఏప్రిల్ ఎండలో ఫోన్ వేడెక్కి ఆగిపోతుంటే, లోయ అంచున నిలబడి చేసేది కాదు.