నానమ్మ బీరువా చెల్లలేదు

మా అమ్మ మూడు నెలల వీసా మీద ఫ్రాన్సులో మేముండే తులూజ్ వచ్చింది. మొదటి పది రోజులూ బాల్కనీలో నిలబడి వచ్చేపోయే బస్సుల్ని చూడ్డంతోనే సరిపోయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం మా అమ్మాయి అక్షరాల టైల్స్‌తో మాటలు పేర్చే ఆట, స్క్రాబుల్ డబ్బా తెచ్చి, "నానమ్మా, నువ్వూ రా" అంది. అమ్మకి ఫ్రెంచి ముక్క రాదు. కానీ తెనాలిలో ముప్పై ఏళ్ళు పిల్లలచేత ఏబీసీడీలు దిద్దించిన మనిషి, అక్షరాలంటే వెనక్కి తగ్గదు.

నేను పక్కన కూర్చుని రెండక్షరాల, మూడక్షరాల మాటలు అందిస్తుంటే ఒక అరగంట ఆట సాఫీగానే నడిచింది. ఇంతలో ఫోనొస్తే లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ సొంతంగా ఒక మాట పేర్చేసింది. బి, ఐ, ఆర్, యు, వి, చివర్న బోర్డు మీద అంతకుముందే ఉన్న ఎ. 11 పాయింట్లని లెక్క కూడా వేసుకుంది.

"సా నెగ్జిస్త్ పా!" అంది మా అమ్మాయి.

నిఘంటువులో లేని మాట వేస్తే ఫ్రెంచివాళ్ళు ఇలాగే అంటారు. మాట చెల్లదు అనరు, 'అలాంటిది లేదు' అంటారు. ఇన్నేళ్ళుగా వింటున్నా ఆ తేడా నేనెప్పుడూ పట్టించుకోలేదు. "ఏమంటోందిరా?" అని అమ్మ అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"బీరువా లేకపోవడమేమిటి! నా పెళ్ళికి మా నాన్న కొనిచ్చింది. పడకగదిలో ఉంది కదా, ఇవిగో తాళాలు" అంటూ బొడ్లో దోపుకున్న గుత్తి తీసి బోర్డు పక్కన పెట్టింది. తెనాలిలో బీరువా, దాని తాళాలు తులూజ్‌లో!

మా ఆవిడ వంటింట్లోంచి, "పెద్దావిడతో రూల్సేమిటి, ఇచ్చెయ్యండి" అంది. నేను ఇవ్వలేదు. ఆటకి ప్రమాణం లరూస్ వాళ్ళు వేసే స్క్రాబుల్ నిఘంటువు. అందులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పైగా జాలిపడి ఇచ్చే పాయింట్లు తీసుకునే రకం కాదు మా అమ్మ. టైల్స్ వెనక్కి తీసుకుంది. కాకపోతే ఆ పూట పెరుగన్నం తినకుండానే పడుకుంది.

నిజానికి బీరువా ఫ్రెంచి మాటే. వాళ్ళ బ్యూరో మన నోట్లో బీరువా అయింది. తమిళులు ఇప్పటికీ బీరో అనే అంటారు. పాత ఫ్రెంచిలో అది ముతక ఉన్ని గుడ్డ పేరు. దాని వెనక లాటిన్లో 'బుర్రా' ఉంది, మన బుర్ర కాదు, బొచ్చు గుడ్డ. ఆ గుడ్డ రాతబల్ల మీద పరిచేవారు. గుడ్డ పేరు బల్లకి పాకింది, బల్ల పేరు బల్ల ఉన్న గదికి, ఆ గది పేరు ఆఫీసుకి. బ్యూరోక్రసీ కూడా ఆ ముతక గుడ్డ సంతానమే. అమెరికాలో సొరుగుల అల్మారాని బ్యూరో అంటారు. మన దగ్గరికొచ్చేసరికి చీరలు దాచుకునేది బీరువా అయింది. గుడ్డ పేరు ఊళ్ళన్నీ తిరిగి మళ్ళీ గుడ్డల దగ్గరికే చేరింది. అన్నట్టు అల్మారా కూడా అటునుంచి వచ్చిందే, పోర్చుగీసు వాళ్ళతో. ఫ్రెంచి అర్మ్వార్‌కీ దానికీ తల్లి ఒకటే, లాటిన్ అర్మారియుమ్.

మర్నాడు ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కాస్త కరుగుతుందనుకున్నాను. తను హోంవర్కు చేసుకునే బల్లకేసి చూసి, "నా బ్యూరోనా?" అంది. ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నానమ్మది స్పెల్లింగ్ తప్పు. బహువచనం వేయాల్సింది, చివర ఎక్స్ వస్తుంది, ఎక్స్ ఒక్కదానికే 10" అని తీర్పు చెప్పింది. లెక్క కరెక్టే. బి, యు, ఆర్, ఇ, ఎ, యు, ఎక్స్, ఆ ఏడక్షరాలకి 18 పాయింట్లు, ఏడు టైల్సూ ఒకే దెబ్బకి దించితే మరో 50.

మా అమ్మాయి హీరో నైజెల్ రిచర్డ్స్. న్యూజిలాండ్ మనిషి. ఫ్రెంచి మాట్లాడ్డం రాకుండానే, సుమారు తొమ్మిది వారాల్లో నిఘంటువు కంఠతా పట్టి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అర్థాలతో పని లేకుండా ఆయన మాటలన్నీ చెల్లాయి. మా అమ్మకి బీరువా గురించి తెలియనిది లేదు, అర లోపల అరతో సహా. అదొక్కటీ చెల్లలేదు. ఈ ముక్క మా అమ్మాయితో అంటే, "నానమ్మని కూడా నిఘంటువు చదవమను" అంది. పదకొండేళ్ళ పిల్లతో వాదించి ఎవరు గెలిచారు గనక.

అమ్మ ఊరెళ్ళిన వారానికి వీడియో కాల్. మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను లాక్కుని, "నానమ్మా, నీ బ్యూరో తెరువు, నేను చూడాలి" అంది.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని, "బ్యూరో ఏమిటే? అలాంటిది మా ఇంట్లో లేదు" అంది.