హెల్మెట్ దాచిపెట్టే చదువు

టెక్సస్‌లో నేను చదివిన రెండేళ్ళ మాస్టర్స్ పేరు అథ్లెటిక్ ట్రైనింగ్ అని చెప్పిన ప్రతిసారీ మా బంధువుల్లో ఎవరో ఒకరు "అంటే జిమ్‌లో ట్రైనరా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. గుంటూరులో ఉన్న మా నాన్నగారైతే వీసా రాకముందే అడిగేశారు: "నాలుగున్నరేళ్ళు బీపీటీ చదివి, మళ్ళీ ఈ డ్రిల్లు మాస్టారి చదువేమిటమ్మా?" ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది.

బీపీటీ అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. ఫిజియోథెరపిస్టు దగ్గరకు మనిషి దెబ్బ తగిలిన తరువాత వస్తాడు. డాక్టరు చూసి, ఎక్స్‌రే తీసి, చీటీ రాసి పంపితే, వారానికో పది రోజులకో మన బల్ల మీద పడుకుంటాడు. అథ్లెటిక్ ట్రైనరు మాత్రం దెబ్బ తగిలే క్షణంలోనే మైదానం గట్టు మీద నిలబడి ఉండాలి. 2023 జనవరి 2న సిన్సినాటీలో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో బఫలో బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలో కుప్పకూలినప్పుడు, పరుగెత్తుకుంటూ వెళ్ళి ఛాతీ నొక్కడం మొదలుపెట్టిన డెన్నీ కెల్లింగ్టన్ ఆ జట్టు సహాయ అథ్లెటిక్ ట్రైనరు. ఆ సంగతి ఫోనులో చెప్పాక నాన్నగారు డ్రిల్లు మాస్టారి మాట ఎత్తడం మానేశారు.

ఈ వృత్తికి అమెరికాలో జాతీయ సంఘం 1950లో కాన్సస్ సిటీలో ఏర్పడింది. లైసెన్సు చట్టం మొదట తెచ్చిన రాష్ట్రం టెక్ససే, అది 1971లో. వైద్య సంబంధ వృత్తిగా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు 1990లో గానీ రాలేదు. ఒకప్పుడు డిగ్రీతోనే సరిపోయే ఈ చదువును మాస్టర్స్ స్థాయికి మార్చారు, 2022 తరువాత డిగ్రీ కోర్సుల్లో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. నాలాగా వేరే దేశంలో బీపీటీ చదివి వచ్చేవారికి ఈ మార్పు కలిసొచ్చిందనే నా అభిప్రాయం.

మొదటి సెమిస్టరంతా చేతుల చదువు. చీలమండకు టేపు చుట్టడం చూడటానికి చిన్న పనే గానీ, ఆ తెల్లటి టేపును కత్తెర లేకుండా రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి ఒక్క గుంజుతో చింపడం వచ్చేసరికే నా వేళ్ళ చివర్లు రేగిపోయాయి. ముందు పలుచని స్పాంజి పొర, దాని మీద పిక్క కింద రెండు పట్టీలు ఆధారంగా, ఆ తరువాత మడమ కింద నుంచి గుర్రపు రికాబులా పైకి లాగే పట్టీలు, ఆపైన ఎనిమిది అంకె ఆకారంలో చుట్లు, చివరికి మడమను బిగించే తాళాలు. పాదం లోపలికి మడత పడకుండా ఆపడమే దీని పని కనుక, పట్టీని ఎప్పుడూ లోపలి వైపు నుంచి మొదలుపెట్టి బయటి వైపుకు లాగాలి. ఒక రోజు ఒక వాలీబాల్ అమ్మాయికి చుట్టినప్పుడు, మడమ వెనుక పెద్ద స్నాయువు మీద గోరంత ముడత వదిలేశాను. రెండు గంటల ఆట అయ్యాక టేపు విప్పితే అక్కడ రూపాయి బిళ్ళంత పొక్కు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నా పనిని పర్యవేక్షించే క్లినికల్ గురువుగారు కూడా ఏమీ అనకుండా, నా చేతికి పది టేపు చుట్టలిచ్చి తన కాలు ముందుకు చాపారు.

ఆగస్టులో, మేము శిక్షణకు వెళ్ళే పాఠశాలలు తెరవకముందే అమెరికన్ ఫుట్‌బాల్ సాధన మొదలవుతుంది. ఉదయం ఆరింటికి వెళ్ళగానే మా మొదటి పని నీళ్ళ డబ్బాలు నింపడం కాదు. పశువుల కుడితి తొట్టి లాంటి పెద్ద టబ్బును మైదానం పక్కన నీడలోకి జరిపి, సగానికి పైగా నీళ్ళు పోసి, ఐసు బస్తాలు పక్కన పెట్టడం. వేడి, తేమ, ఎండ మూడింటినీ కలిపి కొలిచే పరికరం చూపే అంకెను బట్టి, ఆ రోజు పిల్లలు ఎన్ని నిమిషాలకొకసారి ఆగాలో, పైన తొడిగే రక్షణ సామగ్రిలో ఏవి విప్పేయాలో నిర్ణయిస్తారు. 2001లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ సాధన చేస్తూ వడదెబ్బతో ఇరవై ఏడేళ్ళకే చనిపోయాక ఈ విషయంలో ఆ దేశం కళ్ళు తెరిచింది. కనెటికట్ విశ్వవిద్యాలయంలో ఆయన పేరిట 2010లో ఒక సంస్థ కూడా వెలిసింది.

వడదెబ్బ గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదనుకుంటూ ఆ తరగతిలో కూర్చున్నాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న ఊళ్ళో పెరిగినదాన్ని. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి రెండు వేల మందికి పైగా వడగాడ్పులకు పోయిన రోజులు గుర్తున్నదాన్ని. ఇంట్లో మజ్జిగ, జేబులో ఉల్లిపాయ, చెమట పట్టడం ఆగితే ప్రమాదం: మాకు తెలిసిన వైద్యం ఇదే. అయితే ఆటల్లో పరుగెత్తి తెచ్చుకునే వడదెబ్బ వేరు. అందులో ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండగానే లోపలి వేడి 40.5 డిగ్రీలు దాటిపోవచ్చు, పిల్లవాడు కోచ్‌ను పట్టుకుని తిట్టవచ్చు, తన పేరు తాను మరిచిపోవచ్చు. నుదుటి థర్మామీటరు, చెవి థర్మామీటరు ఆ సమయంలో అబద్ధం చెబుతాయి. మలద్వారంలో పెట్టే థర్మామీటరు ఒక్కటే నమ్మదగినది, దాన్ని పెట్టవలసి వస్తుందని తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించడం కూడా మా పనుల్లో ఒకటి. ఆ తరువాత అంబులెన్సుకు ఫోను చేస్తూనే మనిషిని మెడ దాకా ఐసు నీళ్ళలో దించాలి, చంకల కింద నుంచి దుప్పటి వేసి తల మునగకుండా పట్టుకోవాలి, ఒంటి చుట్టూ నీళ్ళు వెచ్చబడకుండా కలుపుతూ ఉండాలి. వేడి 39 డిగ్రీల దరిదాపులకు దిగాకే బయటికి తీసి ఆసుపత్రికి పంపాలి. ముందు చల్లబరచు, తరువాత తరలించు అన్నది మాకు నూరిపోసిన సూత్రం. కూలిపోయిన అరగంటలోపు ఇది జరిగితే దాదాపు అందరూ బతుకుతారు. మన దగ్గర ఆటోలో పడేసి ఆసుపత్రికి పరుగెత్తే ఆ ముప్పావుగంట నాకు ఆ రోజు తరగతిలో పదేపదే గుర్తుకొచ్చింది.

రెండో ఏడాది మా విభాగంలోనే హెల్త్ ఎడ్యుకేషన్ తరగతులు తీసుకున్నాను. నిజం చెప్పాలంటే మార్కులు సులువుగా వస్తాయన్న ఆశతోనే తీసుకున్నాను. చేతులు కడుక్కోండి, పళ్ళు తోముకోండి అని పోస్టర్లు గీయించే చదువనుకున్నాను. మొదటి వారంలోనే ఆ అభిప్రాయం పోయింది. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయ పరీక్షల కోసం ఎక్స్‌రే వాహనాలను జనం ముంగిట్లోకే తెచ్చి, డబ్బు తీసుకోకుండా తీస్తామన్నా చాలామంది రాలేదట. ఎందుకు రాలేదో తేల్చడానికి కూర్చున్న మనస్తత్వ శాస్త్రజ్ఞులు చివరికి తేల్చినది ఇది: ఆ జబ్బు తనకు రాగలదని మనిషి నమ్మాలి, వస్తే ప్రమాదమని నమ్మాలి, పరీక్ష వల్ల మేలు ఉందని నమ్మాలి, అన్నిటికీ మించి, ఆ పరీక్షకు వెళ్ళడం వల్ల తాను పోగొట్టుకునేది ఆ మేలు కంటే చిన్నదిగా కనిపించాలి.

ఆ చివరి మాట నా ఫుట్‌బాల్ పిల్లల గురించే రాసినట్టు ఉంది. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే దాన్ని కంకషన్ అంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో ఒక పదమూడేళ్ళ పిల్లవాడు తలకు దెబ్బ తగిలాక మళ్ళీ ఆటలోకి దిగి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. అతని పేరిట 2009లో అక్కడ లిస్టెట్ చట్టం వచ్చింది, తరువాత కొన్నేళ్ళలోనే అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చాయి. అనుమానం ఉంటే అదే నిమిషంలో బయటికి, డాక్టరు ఒప్పుకునేదాకా లోపలికి లేదు. చట్టం బాగానే ఉంది. కానీ తలనొప్పి ఉందని పిల్లవాడు నోరు విప్పితే కదా! ఉందని చెబితే శుక్రవారం రాత్రి ఆట పోతుంది, జట్టులో స్థానం ఇంకొకడికి పోతుంది, మామయ్యలూ తాతయ్యలూ స్టేడియంలో కూర్చుని ఉంటారు. "ఐయామ్ ఫైన్" అన్నంత మాత్రాన నమ్మి, మొదటి ఏడాదిలో నేనే ఒకడిని తిరిగి వరుసలో నిలబడనిచ్చాను. మా గురువుగారు వెనక నుంచి వచ్చి, మధ్యాహ్నం ఏం తిన్నావని వాడిని అడిగారు. వాడు నవ్వాడు గానీ జవాబు చెప్పలేకపోయాడు.

తొమ్మిదో తరగతికి నేను పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, మొదట రాసుకున్న పాఠంలో మెదడు బొమ్మలు, భయపెట్టే ఫొటోలు నిండుగా ఉన్నాయి. వాటిని తీసేశాను. మీకు దెబ్బ తగిలితే చెప్పండి అన్న వాక్యాన్ని కూడా తీసేశాను, ఎందుకంటే వాళ్ళు చెప్పరు. దానికి బదులు, మీ పక్కనున్నవాడు ఎలా మారితే మీకు తెలిసిపోతుంది అని అడిగాను. చేతులు లేచాయి. అడిగిందే మళ్ళీ అడుగుతాడు. లాకర్ తాళం అంకెలు మరిచిపోతాడు. బస్సులో లైటు వేస్తే కళ్ళు మూసుకుంటాడు. బోర్డు మీద రాసినవన్నీ వాళ్ళు చెప్పినవే, పుస్తకంలోని జాబితాలో పెద్దగా మిగిలిందేమీ లేదు.

మూడు వారాల తరువాత సాధన మధ్యలో ఒక సన్నటి పిల్లవాడు, తనకంటే రెండింతలున్న స్నేహితుడి చొక్కా పట్టుకుని దాదాపు లాక్కుంటూ వచ్చాడు. "మిస్, వీడు ఎటు పరుగెత్తాలో నన్ను నాలుగుసార్లు అడిగాడు" అన్నాడు. పెద్దవాడు వాడి వైపు కోపంగా చూశాడు, తరువాత బెంచీ మీద కూర్చుండిపోయాడు. గురువుగారు పరీక్షలు మొదలుపెడుతుండగా, నేను వాడి హెల్మెట్ తీసుకుని మా గదిలోని బీరువాలో పెట్టి తాళం వేశాను. అలా దాచకపోతే ఎవరూ చూడనప్పుడు పెట్టుకుని మైదానంలోకి వెళ్ళిపోతారని మొదటి నెలలోనే నేర్పారు. నడక, పరుగు, ఒంటరి సాధన, తాకిడి లేని సాధన అంటూ ఒక్కో మెట్టుకూ కనీసం ఒక్కో రోజు చొప్పున ఎక్కి, డాక్టరు సంతకం తెచ్చుకునేసరికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ ఆ సన్నటి పిల్లవాడు సాధన అయ్యాక వచ్చి, బీరువా తలుపు మీద రెండుసార్లు తట్టి వెళ్ళేవాడు.