లాడ్ బజార్‌లో 328

హైదరాబాద్‌లో నాలుగు రోజులున్నాం. గోల్కొండ చూశాం, ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం కూర్చున్నాం, కానీ రాయాలని కూర్చుంటే నాకు ఒక్క మధ్యాహ్నమే గుర్తొస్తోంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి మియాపూర్‌లో వదిన వాళ్ళింటికి చేరి, స్నానం చేసి ఇన్సులిన్ పంపు సెట్ మార్చాను, అంటే పంపు నుంచి చర్మం కిందకి ఇన్సులిన్ తీసుకెళ్ళే గొట్టం. మూడో రోజు కదా, మార్చాల్సిందే. కొత్త సెట్ పెట్టాక రెండు మూడు గంటలకి ఒకసారి షుగర్ చూసుకోవాలి, అది సరిగ్గా దిగిందో లేదో అప్పుడే తెలుస్తుంది. టైప్ 1 డయాబెటిస్ వచ్చి పన్నెండేళ్ళు, ఇది నాకు తెలియనిది కాదు. కానీ మేనమామ కూతురి పెళ్ళి షాపింగ్, వదినేమో ఎండెక్కకముందే బయల్దేరాలని ఒకటే తొందర, ఇడ్లీలకి బోలస్ (తిన్నదానికి తగ్గ ఇన్సులిన్ డోసు) ఇచ్చుకుని మెట్రో ఎక్కేశాం. ఛార్జీలు పెంచాక ఇద్దరం రానూపోనూ తిరగాలంటే బాగానే అవుతోంది.

పాతబస్తీకి మెట్రో ఇంకా లేదు కాబట్టి ఎంజీబీఎస్‌లో దిగి ఆటో. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, వాటికీ బోలస్ ఇచ్చా. లాడ్ బజార్‌లో గాజులు చూస్తుంటే నోరు ఎండిపోతోంది. మా వైజాగ్‌లో అయితే చెమట కారి దాహమేస్తుంది, ఇక్కడ పొడి ఎండ కదా అందుకే అనుకున్నా. వేలు పొడిచి చూస్తే 286.

"చాయ్ తాగావుగా అమ్మాయ్, అందులో ఎంత పంచదారో" అంది వదిన. నేనూ అదే నమ్మాను, నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది అదే. షుగర్ పెరిగిందంటే ముందు తిండి మీదకే పోతుంది మనసు, ఏం తిన్నావు, ఎందుకు తిన్నావు అని చుట్టూ అందరూ అడిగి అడిగి మనకీ అదే అలవాటైపోతుంది. పంపుతో కరెక్షన్, అంటే పెరిగిన షుగర్ దించే డోసు, ఇచ్చుకుని గాజులు చూస్తూ కూర్చున్నా. గంట తర్వాత 328.

ఇన్సులిన్ వెళ్తే గంటలో కనీసం పెరగడమైనా ఆగాలి. ఆగలేదంటే వెళ్ళట్లేదనే అర్థం. పంపు స్క్రీన్ చూస్తే అంతా బాగానే ఉంది, అలారం లేదు, బ్యాటరీ ఉంది, రిజర్వాయర్‌లో 140 యూనిట్లు, ఒంట్లో ఇంకా ఇన్సులిన్ పనిచేస్తోందని కూడా చూపిస్తోంది. పంపుకి తెలిసింది తను ఎంత తోసిందో అంతే, అది చర్మం కిందకి వెళ్ళిందో బయటికి కారిందో దానికి తెలీదు. లోపల అడ్డుపడి ప్రెషర్ పెరిగితే అరుస్తుంది, కారిపోతుంటే అరవదు.

గాజుల షాపాయన నా మొహం చూసి "అందర్ బైఠో అమ్మా" అని వెనక స్టాక్ పెట్టే గదిలోకి పంపించాడు, ఫ్యాన్ వేశాడు. చీర కుచ్చిళ్ళ పక్కన చెయ్యి పెట్టి చూస్తే టేపు తడిగా ఉంది, వాసన చూస్తే ఆసుపత్రి వాసన. ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఆ వాసన చెప్పక్కర్లేదు. సెట్ పీకి చూశా, చర్మం కింద ఉండే ఆ మెత్తటి సన్న గొట్టం, కాన్యులా, మధ్యలో గోరుతో నొక్కినట్టు మడత పడి ఉంది. పొద్దున్న ఎనిమిదింటి నుంచి ఇడ్లీల బోలస్, చాయ్ బోలస్, కరెక్షన్, చాలా మటుకు టేపు మీదే.

పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే రాపిడ్ ఇన్సులిన్ ఒక్కటే, వెనకాల రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఏదీ ఉండదు, సప్లై ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్స్ మొదలవుతాయి, ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వు కరిగించుకుంటే వచ్చే ఆమ్లాలు, ముదిరితే ప్రాణం మీదకే వస్తుంది. నీళ్ళలో తడిపితే చల్లగా ఉంచే పౌచ్‌లో ఇన్సులిన్ వయల్ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. స్పేర్ సెట్, పెన్, సిరంజిలు మియాపూర్‌లో సూట్‌కేస్‌లో ఉన్నాయి.

వదిన పరిగెత్తి మెడికల్ షాప్ నుంచి సిరంజి తెచ్చింది. ఎర్ర మూత. నాకు గుండె ఝల్లుమంది. ఎర్ర మూతది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి చేసిన సిరంజి, నా వయల్‌లో మిల్లీలీటరుకి 100. నాకు ఒక యూనిట్ యాభై తగ్గిస్తుంది, 328కి నాలుగు యూనిట్లు కావాలి (ఇది నా లెక్క, మీది మీ డాక్టర్ చెప్పినదే). ఈ సిరంజిలో నాలుగో గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది పది యూనిట్లు. నాలుగుకీ పదికీ తేడా ఏంటంటే, ఆ గదిలోనే కళ్ళు తిరిగి పడిపోయేదాన్ని. వెనక్కి తీసుకెళ్తే "అన్నీ షుగర్ సూదులే మేడమ్" అన్నాడట కౌంటర్ మీద అబ్బాయి. పది రూపాయల వస్తువు, అడిగి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? నారింజ మూతది, మీద 100 అని ఉన్నదే కావాలని వదిన గట్టిగా పట్టుబడితే డ్రాయర్ అడుగు నుంచి తీసిచ్చాడు.

మా డాక్టర్ దగ్గర డయాబెటిస్ ఎడ్యుకేటర్‌కి ఫోన్ చేసి, కాస్తో కూస్తో లోపలికి వెళ్ళి ఉండొచ్చని కూడా చెప్పి, ఆవిడ సరే అన్నాకే నాలుగు యూనిట్లు పొడుచుకున్నా. కీటోన్ స్ట్రిప్స్ చార్మినార్ దగ్గర రెండు షాపుల్లో లేవు, "రేపు తెప్పిస్తాం" అన్నారు. ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఆటో ఆపి అడిగితే దొరికాయి. తీరా అవి మూత్రంతో చూసేవి, ఆడవాళ్ళకి ఆ ఏరియాలో టాయిలెట్ దొరకడం స్ట్రిప్స్ కన్నా కష్టం. చివరికి ఎంజీబీఎస్ స్టేషన్‌లో చూశా. డబ్బా మీద రాసిన సెకన్లు లెక్కపెడుతుంటే లేత గులాబీ రంగొచ్చింది, ముదురు కాలేదు. వాంతులు లేవు, కడుపునొప్పి లేదు. వదిన మాత్రం ముదురు రంగొస్తే ఇటు నుంచి ఇటే ఎమర్జెన్సీకి అని ఆటో అబ్బాయిని ఆపి ఉంచింది. వెయిటింగ్‌కి యాభై ఇస్తే తీసుకోలేదు ఆ అబ్బాయి.

మెట్రోలో లీటర్ నీళ్ళు తాగేశా. అమీర్‌పేట దాటాక 251. ఇంటికెళ్ళి రెండో వైపు కొత్త సెట్ పెట్టుకున్నా, ఒక్కో సెట్ ఖరీదు తలుచుకుంటే పీకి పారేయాలంటే చెయ్యి రాదు, అందుకే అందరం గంటలు గంటలు ఆగిపోతాం. ఈసారి గంటకోసారి చూశా. రాత్రి పెరుగన్నం ముందు 142, స్ట్రిప్ రంగు మారలేదు.

మర్నాడు అదే షాపుకి వెళ్ళాం, మొత్తం కిట్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని. ఆయన ముందు "తబియత్ ఎలా ఉంది" అని అడిగి తర్వాత గాజులు తీశాడు. చెప్పిన రేటుకే తీసుకున్నాం, వదిన బేరానికి నోరు తెరిస్తే నేనే చెయ్యి పట్టుకుని ఆపేశా.