వెండి కట్టిన కొబ్బరి చిప్ప: ముందు చిప్పను చూడండి

లండన్‌లో పాత వెండి సామాను కొట్లలోనో, వేలం శాలల్లోనో పనికి చేరిన మనవాళ్ల చేతికి ఎప్పుడో ఒకప్పుడు వెండి కట్టిన కొబ్బరి చిప్ప వస్తుంది. మనం గరిటె చేసుకునే చిప్పనే యూరప్ వాళ్లు దూరదేశపు వింతగా చూశారు. విషం కలిస్తే పట్టిస్తుందని నమ్మి, వెండి పాదం మీద నిలబెట్టి పానపాత్ర చేసుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో 15వ శతాబ్దపువి ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడ అందరూ ముందు వెండి మీద ముద్రలు వెతుకుతారు. నేను మాత్రం ముందు చిప్పనే చూడమంటాను. చలికాలం హీటర్ల వేడికి గది గాలి ఆరిపోతుంది, చిప్ప కుంచించుకుపోతుంది. వెండి కుంచించుకోదు. దాంతో అంచు పొన్ను (చిప్ప మూతికి తొడిగిన వెండి కట్టు) వదులవుతుంది, లేదా చిప్పను పట్టి ఉంచే బిగుతు వెండి పట్టీల మధ్య చిప్ప చీలుతుంది. చీలిక తరచూ పట్టీ కిందే దాక్కుంటుంది. లోపల వెండి పూత లేకపోతే చిన్న లైటు లోపల పెట్టి గది చీకటి చేయండి. సన్నని వెలుగు గీత కనిపిస్తే అదే పగులు. పాత్రను ఉంచే చోట గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలి.

ఆ తర్వాత ముద్రలు. వెండి నాణ్యతకు నడిచే సింహం, లండన్‌లో పరీక్షించినందుకు చిరుత తల, సంవత్సరాన్ని చెప్పే అక్షరం, తయారీదారు గుర్తు: అంచు మీద, పాదం మీద విడివిడిగా చదవండి. రెండూ కలవకపోతే పాదం తర్వాత మార్చి ఉండవచ్చు. ముద్రల్లేని మంచి పాత పాత్రలూ ఉన్నాయి, తొందరపడి తీసిపారేయకండి.

వెండిని మెరిపించే ద్రావణంలో ముంచకండి. అది పొన్ను కిందికి దిగి అక్కడే ఉండిపోయి తినేస్తుంది. పాలిష్ ముద్ద చెక్కడపు గాడుల్లో ఇరుక్కుని తెల్లగా ఎండిపోతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, దూదిపుల్లతో వెండి ఒక్కటే తుడిస్తే చాలు.

పాదం ఊగుతుంటే, చిప్ప ఉండగా టంకం పెట్టనివ్వకండి, చిప్ప కాలిపోతుంది. పట్టీల చీలలు ఊడదీసి, చిప్పను పక్కన పెట్టాకే వేడి తగలాలి. బూడిదరంగు సీసపు టంకం ముద్దలు కనిపిస్తే అది ఎవరో తొందరలో చేసిన మరమ్మతు.

మూత ఉంటే దాని బొడిపె ఏనుగు దంతమేమో చూడండి. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమలవుతున్న దంతపు చట్టం ప్రకారం, సాధారణంగా 1947కి ముందు చేసినదై, మొత్తంలో దంతం 10 శాతం కన్నా తక్కువైతేనే, అదీ నమోదు చేయించాకే అమ్మాలి.