నెల రోజులు కిటికీ మూసుకుంటే సరిపోయేది

బైబిల్లో దానియేలు గ్రంథం 6వ అధ్యాయం అనగానే అందరికీ సింహాల గుహే గుర్తొస్తుంది. నేను మాత్రం ఈమధ్య 10వ వచనంలో ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నాను: “యథాప్రకారముగా”. రాజుకు తప్ప ఎవరికీ మొక్కకూడదని, మొక్కితే సింహాల గుహలో పడేస్తారని శాసనం వచ్చింది. ఆ సంగతి తెలిశాకే దానియేలు ఇంటికి వెళ్లాడు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న పైగదిలో, ఎప్పట్లాగే రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు.

శాసనం గడువు 30 రోజులే. నేనైతే కిటికీ మూసి మనసులో ప్రార్థించుకునేవాణ్ని. దేవుడు హృదయాన్నే చూస్తాడని ఓ వచనం కూడా తోడు తెచ్చుకునేవాణ్ని.

దానియేలు పరాయి దేశంలో బతికినవాడు. అతణ్ని చెరపట్టి తీసుకెళ్లారు, మా పాలమూరు వాళ్లను కరువు తోలింది. మా అవ్వ 1960ల్లో గుంపు మేస్త్రీ వెంట సాగర్ డ్యాం పనికి పోయింది. చదువు రాదు, 23వ కీర్తన మాత్రం నోటికొచ్చు. తెల్లారకముందే గుడిసె ముందు గోనెసంచి మడిచి, దాని మీద మోకాళ్లేసి “యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు” అని మొదలుపెట్టేదట. ఇంట్లో నూకలు లేని రోజైనా అంతే. కీర్తన అయ్యాక అదే సంచిని తల మీద పెట్టుకుని తట్ట ఎత్తేది. “ఒక్కపూట పనికి పోకుంటే మేస్త్రీ కూలి కోస్తడు బిడ్డా. దేవుడైతే కొయ్యడు. అందుకే మనమే చూసుకోవాలె” అనేది.

నియమం అంటే మన సంఘాల్లో కొందరికి చిన్నచూపు. ఆత్మ లేని ఆచారం అంటారు. అవ్వను చూసినవాణ్ని, నేనొప్పుకోను.

ఇంకో సంగతి. దానియేలు ప్రార్థన జోలికి రావడానికి ముందు శత్రువులు అతని ఉద్యోగంలో తప్పులు వెతికారు. ఏమీ దొరకలేదని 4వ వచనం చెబుతుంది. మనల్ని పట్టుకోవాలంటే ప్రార్థన దాకా రావాల్సిన పనేముంది? నేను ఆఫీసుకు ఆలస్యమైన రోజు బస్సు మీదికి నెట్టి చెప్పిన అబద్ధాలే చాలు.

జడ్చర్ల నుంచి హైదరాబాద్ వెళ్లాలి కాబట్టి ఐదింటికి అలారం పెట్టుకుంటాను, ప్రార్థనకూ కలిసొస్తుందని. అలారం ఆపడానికి ఫోన్ పట్టుకుంటే ఐదున్నర దాకా వదలను. వాక్యం స్టేటస్‌లో పెడతాను, ఎంతమంది చూశారో లెక్కపెడతాను, ప్రార్థన బస్సులో చేసుకుందాం అనుకుంటాను. షాద్‌నగర్ రాకముందే నిద్ర. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం 40 రోజులూ మాంసం ముట్టను గానీ ఈ ఫోన్ ఒక్క గంట మానలేకపోయాను.

పోయిన వారం పాత గడియారం ఒకటి బాగు చేయించాను. ఫోన్ వంటింటి అరలో పెడుతున్నాను. మా అద్దెగది కిటికీ తీస్తే కనిపించేది పక్కింటి గోడ, దాని మీద ఆరేసిన బట్టలు. అయినా తెరిచే మోకాళ్లేస్తున్నాను. నిన్న మధ్యలో ఫోన్ మోగితే లేచి వెళ్లి చూశాను. డేటా అయిపోవచ్చిందని కంపెనీ మెసేజ్.